6,000 లీటర్ల పంపు, 1,750 లీటర్ల నీళ్లు: ఒక ఆరడుగుల అక్వేరియం కేసు

కూకట్‌పల్లిలో ఒక డూప్లెక్స్ ఇల్లు. హాల్లో గోడకి ఆనించి 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తున్న అక్వేరియం. అందులో నాలుగు ఆస్కార్లు, ఆరు సిల్వర్ డాలర్లు, ఒక పెద్ద సక్కర్ ఫిష్. ట్యాంకు కింద చెక్క క్యాబినెట్, అందులో సంప్, అంటే నీళ్లు వడకట్టే కింది తొట్టి. ఇళ్లలో పెద్ద అక్వేరియంలు కట్టడం, చూసుకోవడం నా పని. ఇంటాయన నాకు ఫోన్ చేసి అడిగింది ఒక్కటే: "అన్నా, ఇప్పుడున్న ఆరు వేల లీటర్ల పంపు సరిపోవట్లేదు. పది వేలది పెట్టేద్దాం, గొడవ వదిలిపోద్ది. ఏది కొనమంటావ్?"

గొడవ అంటే ఏంటని అడిగితే నాలుగు చెప్పారు. ఇసుక మీద రెట్ట పేరుకుపోతోంది, ఎంత తీసినా మర్నాటికి మళ్లీ అంతే. ఎండాకాలం మొదలైనప్పటి నుంచి తెల్లవారుజామున ఆస్కార్లు పైకొచ్చి నోరు తెరుస్తున్నాయి. పంపు శబ్దం పక్క గదిలోకి వినిపిస్తోంది. కరెంటు పోయి పంపు ఆగిన ప్రతిసారీ క్యాబినెట్ లోంచి నీళ్లు నేల మీదకి వస్తున్నాయి, చెక్క అడుగు ఉబ్బడం మొదలైంది.

ఈ నాలుగింటికీ పెద్ద పంపు మందు కాదు. నాలుగోదానికైతే విషమే. మా పనిలో అన్నిటికంటే ఎక్కువగా డబ్బులు వృథా అయ్యేది ఇక్కడే. నీళ్లు తక్కువ వస్తున్నాయనగానే డబ్బా మీద ఇంకా పెద్ద అంకె ఉన్న పంపు కొనేస్తారు. పంపు ఎంత నీళ్లు ఇస్తుందన్నది డబ్బా చెప్పదు. ఎంత ఎత్తుకి తోస్తున్నాం, ఏ పైపులోంచి తోస్తున్నాం, వచ్చిన నీళ్లు కిందికి ఏ దారిన దిగుతున్నాయి అన్నవే తేలుస్తాయి. ఈ మూడూ కొలవకుండా పంపు పేరు చెప్పడం నాకు ఇష్టం ఉండదు. అందుకే ఈ కేసు వివరంగా రాస్తున్నాను.

ముందు బకెట్

సంప్ ఉన్న ట్యాంకులో నీళ్లు తిరిగే దారి తేలికే. పైన ట్యాంకు మూలలో ఓవర్‌ఫ్లో పెట్టె ఉంటుంది. దాని దువ్వెన పళ్లలోంచి పైపైన ఉన్న నీళ్లు పొర్లి, డ్రెయిన్ పైపులోంచి సంప్‌లోకి దిగుతాయి. సంప్‌లో స్పాంజి, తర్వాత బయో మీడియా (మేలు చేసే బ్యాక్టీరియా పెరిగే ముక్కలు), చివరి గదిలో పంపు. అక్కడి నుంచి పంపు నీళ్లని మళ్లీ పైకి తోస్తుంది. ఈ పంపునే రిటర్న్ పంపు అంటాం.

రిటర్న్ నిజంగా ఎంత ఇస్తోందో తెలుసుకోవడానికి ఏ మీటరూ అక్కర్లేదు. పైన నీళ్లు పడే గొట్టాన్ని ట్యాంకు అంచు ఎత్తులోనే పట్టుకుని, 20 లీటర్ల గీత ఉన్న పెయింట్ బకెట్‌లోకి తిప్పి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెడితే చాలు. బకెట్‌ని నేల మీద పెట్టి గొట్టాన్ని కిందికి వంచితే ఎత్తు తగ్గి, ఫలితం తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. అందుకే ట్యాంకు పక్కన స్టూల్ వేసి, దాని మీద బకెట్ పెట్టి కొలిచాను. బకెట్ నిండడానికి 41 సెకన్లు. అంటే గంటకి 1,750 లీటర్లు. డబ్బా మీద 6,000.

ఇక ట్యాంకులో ఎన్ని నీళ్లున్నాయి? 6×2×2 అడుగులంటే బయటి కొలతల ప్రకారం 680 లీటర్లు. అమ్మేవాళ్లు చెప్పే లెక్క అదే. కానీ గాజు మందం 12 మిల్లీమీటర్లు, అడుగున 4 సెంటీమీటర్ల ఇసుక, పైన అంచుకి వదిలిన ఖాళీ, లోపలున్న మొద్దు, రాళ్లు అన్నీ తీసేస్తే చేపలు ఈదే నీళ్లు సుమారు 520 లీటర్లు. ఆస్కార్ ఒక అడుగు దాకా పెరిగే చేప, తిండి ఎక్కువ, రెట్ట ఇంకా ఎక్కువ. ఇలాంటి చేపలున్న ట్యాంకులో గంటకి ఐదు సార్లు నీళ్లు ఫిల్టర్ దాటాలని నేను చూస్తాను. అంటే సుమారు 2,600 లీటర్లు. డిస్కస్, ఏంజెల్ లాంటి నెమ్మది చేపలైతే ఇంతకంటే తక్కువే పెడతాను. ఇక్కడ ఇప్పుడు జరుగుతున్నది మూడున్నర సార్ల లోపే.

కాబట్టి ఇంటాయన ఫిర్యాదు నిజమే, నీళ్లు సరిపోవట్లేదు. ఎందుకు సరిపోవట్లేదన్నదే అసలు ప్రశ్న.

పైపు మింగిన నీళ్లు

పంపు డబ్బా మీద రెండు అంకెలుంటాయి. ఒకటి గరిష్ఠ ప్రవాహం. ఇక్కడ 6,000. అది ఎత్తు ఏమీ లేకుండా, పైపు ఏమీ తగిలించకుండా, బకెట్‌లో పడేసి నడిపితే వచ్చేది. రెండోది గరిష్ఠ హెడ్. ఇక్కడ 3.5 మీటర్లు. అంత ఎత్తుకి చేరేసరికి నీళ్లు పైపులో నిలబడిపోతాయి, ఒక్క చుక్క బయటికి రాదు. మన ఇల్లు ఈ రెండు అంకెలకీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. ఆ మధ్యలో ఏం జరుగుతుందో చూపించే గ్రాఫ్‌ని కొన్ని కంపెనీలు డబ్బా మీద, మాన్యువల్‌లో వేస్తాయి. గ్రాఫ్ వేయని పంపుని నేను కొనను, కొనమనను. ధర ఎంత తక్కువైనా సరే.

హెడ్ అనగానే అందరూ నేల నుంచి ట్యాంకు పైదాకా టేపు పెడతారు. అలా కాదు. సంప్‌లో పంపు గదిలోని నీటి మట్టం నుంచి పైన ట్యాంకులోని నీటి మట్టం దాకా కొలవాలి. ఇక్కడ అది 1 మీటరు 11 సెంటీమీటర్లు. 3.5 మీటర్లు ఎత్తగలిగిన పంపుకి ఇదేమంత ఎత్తు కాదు. అయినా నీళ్లు మూడో వంతుకి పడిపోయాయంటే మిగతాది పైపులో పోతోందన్నమాట.

క్యాబినెట్ తలుపు తీసి చూశాను. పంపు మూతి పెద్దదే, ఇంచుంపావు పైపు పట్టేంత. కానీ దానికి రెడ్యూసర్ వేసి ముప్పావు ఇంచు పైపు తగిలించారు. క్యాబినెట్ వెనక చెక్క తప్పించడానికి రెండు ఎల్బోలు, పైకి వెళ్లి అంచు దాటడానికి ఇంకో రెండు, లోపలికి దిగడానికి ఒకటి, మొత్తం ఐదు. మధ్యలో నీళ్లు వెనక్కి రాకుండా చెక్ వాల్వ్. పైపు మొత్తం పొడవు 2.4 మీటర్లు.

ఇప్పుడు లెక్క. గంటకి 2,600 లీటర్లు లోపలి వ్యాసం 20 మిల్లీమీటర్లున్న పైపులోంచి వెళ్లాలంటే నీళ్లు సెకనుకి 2.3 మీటర్ల వేగంతో పరిగెత్తాలి. ఆ వేగానికి పైపు గోడల రాపిడే సుమారు 0.7 మీటర్ల హెడ్ తినేస్తుంది. అంతకంటే ఘోరం ఎల్బోలు, చెక్ వాల్వ్. నీళ్లు మలుపు తిరిగిన ప్రతి చోటా పోయే హెడ్ వేగం వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది. ఈ వేగంలో ఒక్కో ఎల్బో పావు మీటరుకి కాస్త అటూ ఇటూగా లాగేస్తుంది. ఐదు ఎల్బోలు, వాల్వ్, పైపు మొదట్లో, చివర్లో పోయేది అన్నీ కలిపితే 2.3 మీటర్లు. దానికి పైపు రాపిడి 0.7, అసలు ఎత్తు 1.11 కూడా కలిపితే, ఈ పైపులోంచి 2,600 లీటర్లు రావాలంటే పంపు 4 మీటర్లకి పైగా తోయాలి. ఉన్న పంపు గరిష్ఠమే మూడున్నర. దానికి అది ఎప్పటికీ సాధ్యం కాదు.

ఇంటాయన కొందామనుకున్న 10,000 లీటర్ల పంపు సంగతి కూడా చూద్దాం. అలాంటి వాటికి హెడ్ 5 మీటర్ల దగ్గర ఉంటుంది, కరెంటు 200 వాట్ల దాకా తీసుకుంటాయి. ఇదే ముప్పావు పైపుకి దాన్ని తగిలిస్తే నా లెక్కలో 2,400 లీటర్ల దగ్గర ఆగిపోతుంది. కరెంటు దాదాపు రెట్టింపు పెట్టి, ఇంత డబ్బు పోసి, అదనంగా వచ్చేది 650, 700 లీటర్లు. నాలుగు వరుసల రోడ్డులో వచ్చిన బళ్లన్నీ ఒక్క టోల్ గేటు దగ్గర ఇరుక్కుంటే వెనక నుంచి ఎంత హారన్ కొట్టినా లాభం ఉండదు కదా.

అదే 2,600 లీటర్లని లోపల 34 మిల్లీమీటర్లుండే ఇంచుంపావు పైపులోంచి పంపితే వేగం సెకనుకి 0.8 మీటర్లకి దిగుతుంది. రాపిడి, మలుపులు అన్నీ కలిపి పావు మీటరు లోపే పోతుంది. మొత్తం హెడ్ 1.35 మీటర్లు. పైపు వ్యాసాన్ని రెట్టింపు కూడా చేయలేదు, పంపు మీద పడే బరువు మాత్రం మూడో వంతుకి పడిపోయింది.

లెక్క మీద నమ్మకం ఉన్నా కళ్లతో చూడటం వేరు. పంపు ముట్టుకోకుండా ముందు పైపు ఒక్కటే మార్చాను. రెడ్యూసర్ తీసేసి, ఇంచుంపావు పైపు వేశాను. ఎల్బోలున్న చోట రెండిటికి బదులు పొడుగు వంపు బెండ్లు వాడి, చెక్ వాల్వ్ తీసేశాను. మళ్లీ బకెట్. ఈసారి 21 సెకన్లు. గంటకి 3,400 లీటర్లకి పైనే. ఇంటాయన స్టాప్‌వాచ్ తనే పట్టుకుని ఇంకోసారి కొలిచారు, అదే వచ్చింది. "అంటే పంపు బానే ఉందా అన్నా ఇన్నాళ్లూ?" అన్నారు. బానే ఉంది. పాపం దాని గొంతు పట్టుకుని కూర్చున్నది పైపు.

డ్రెయిన్ ఒప్పుకోవాలి

3,400 లీటర్లు రాగానే అందరూ సంతోషపడ్డారు, కానీ నేను వెంటనే స్విచ్ ఆపేశాను. ఓవర్‌ఫ్లో పెట్టెలో నీళ్లు మెల్లగా పైకి ఎగబాకుతున్నాయి. డ్రెయిన్ గర్... గర్... అని గాలి మింగుతోంది.

పైకి ఎక్కిన ప్రతి లీటరూ అదే వేగంతో కిందికి దిగాలి. పంపు తోస్తుంది, డ్రెయిన్‌కి తోసేవాళ్లెవరూ లేరు, దాని బలమంతా నీళ్ల బరువే. ఈ ట్యాంకుకి ఒకటే డ్రెయిన్, ఇంచున్నర పైపు. దానికి ఏదైనా అడ్డం పడితే నీళ్లు వెళ్లడానికి రెండో దారి లేదు. కట్టేటప్పుడే రెండో రంధ్రం వేయించి ఉంటే దాన్ని ఎమర్జెన్సీ డ్రెయిన్‌గా వదిలేవాళ్లం. కొత్తగా ట్యాంకు కట్టించుకునే వాళ్లకి నేను గట్టిగా చెప్పే మాట ఇది: పంపుకి పెట్టే డబ్బులో కొంచెం తగ్గించుకుని అయినా సరే రెండో రంధ్రం వేయించండి. నీళ్లతో, చేపలతో నిండి ఉన్న ట్యాంకుకి తర్వాత డ్రిల్ పెట్టలేం. టఫెండ్ గాజైతే ఖాళీ ట్యాంకుకి కూడా పెట్టలేం, ముక్కలైపోతుంది.

రిటర్న్ పైపులో ఒక బాల్ వాల్వ్ పెట్టి, నీళ్లని కొంచెం కొంచెంగా పెంచుతూ డ్రెయిన్ ఎక్కడ గర్రుమంటుందో చూశాను. 2,900 లీటర్ల దాకా నిశ్శబ్దంగా దిగుతోంది. అక్కడి నుంచి శబ్దం, తర్వాత మట్టం పెరగడం. చెత్త, నాచు చేరి కొంత మూసుకుపోయినా ఇబ్బంది లేకుండా ఉండాలి కాబట్టి 2,600 దాటకూడదని గీత గీశాం. చేపల అవసరం కూడా అంతే కావడం ఈ ఇంటి అదృష్టం. ఒకవేళ డ్రెయిన్ 2,000కే ఆగిపోయి ఉంటే, చేపలకి 2,600 కావాలన్నా నేను పంపుని 1,800కే కట్టేసి, మిగతాది వేరే ఫిల్టర్‌తో సర్దేవాణ్ని. డ్రెయిన్ మోయలేనంత పంపు పెట్టడమంటే హాల్లో వరద కోసం ఎదురుచూడటమే.

ఇంకో సంగతి. 10,000 లీటర్ల పంపు ఆ ముప్పావు పైపుతో నడిచినంత కాలం ప్రమాదం బయటపడదు. ఎప్పుడో ఒకరోజు ఎవరో ప్లంబర్ "ఇంత సన్నపైపేంటి సార్" అని మంచి మనసుతో పెద్ద పైపు వేస్తాడు. ఆ రాత్రే హాలంతా నీళ్లు.

కరెంటు పోయిన క్షణం

నేల తడవడానికి కారణం పంపు కాదు, పంపు ఆగడం. పైన నీళ్లు పడే గొట్టం మూతి నీటి మట్టానికి 6 సెంటీమీటర్ల లోతులో ఉంది. కరెంటు పోయి, ఇన్వర్టర్ కూడా అందుకోకపోతే పంపు ఆగుతుంది, కానీ పైపు నిండా నీళ్లుంటాయి కాబట్టి అది సైఫన్‌లా మారి ట్యాంకులోని నీళ్లని వెనక్కి, సంప్‌లోకి లాగుతుంది. గొట్టం మూతికి గాలి తగిలేదాకా ఆగదు. ఈ ట్యాంకులో ఒక్క సెంటీమీటరు మట్టం అంటే పదిన్నర లీటర్లు. ఆరు సెంటీమీటర్లంటే 63 లీటర్లు. ఓవర్‌ఫ్లో పెట్టెలోవి, పైపుల్లోవి ఇంకో ఐదారు లీటర్లు. సంప్ 90×40×40 సెంటీమీటర్లు, నడిచేటప్పుడు 26 సెంటీమీటర్ల దాకా నీళ్లు. అంటే పైన ఖాళీ 50 లీటర్లే. మిగతా 18, 19 లీటర్లు ఎక్కడికి పోతాయి? నేల మీదకే.

దీనికోసమే చెక్ వాల్వ్ పెట్టారు. ఆస్కార్ ట్యాంకులో చెక్ వాల్వ్‌ని నమ్మలేం. ఇక్కడ దాన్ని విప్పి చూస్తే లోపలి రబ్బరు బిళ్ల కింద ఒక చిన్న నత్త చిప్ప, కాస్త సున్నపు పొర. ఆ నత్త చిప్ప సందు చాలు, రాత్రంతా నీళ్లు దిగడానికి. పైగా పంపు నడిచినంత సేపూ ఆ వాల్వ్ హెడ్ తింటూనే ఉంటుంది.

కొత్త పైపుని పైన రెండుగా చీల్చి, రెండు మూతుల్నీ నీటి మట్టానికి సెంటీమీటరున్నర కిందే ఉంచాను. ఇప్పుడు వెనక్కి వచ్చేది 16 లీటర్లు, పైపుల్లోవి కలిపితే 22. సంప్‌లో సగానికి పైగా ఖాళీ మిగులుతుంది. మూతుల్ని కాస్త పైకి తిప్పడం వల్ల నీటి ఉపరితలం కదులుతూ అలలు లేస్తున్నాయి. తెల్లవారుజామున నోరు తెరిచే ఆస్కార్లకి ఇదే ముఖ్యం. నీళ్లు 25 డిగ్రీలున్నప్పుడు లీటరుకి 8.3 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ పట్టుకోగలవు. 32 డిగ్రీలకి అది 7.3కి పడిపోతుంది, అదే సమయంలో చేపల అవసరం పెరుగుతుంది. ఉపరితలం కదలని ట్యాంకు మే నెల రాత్రి ఆ 7.3ని కూడా నిలుపుకోలేదు.

పరీక్ష మాత్రం చేతితో చేయాల్సిందే. స్విచ్ ఆపాను, నీళ్లు దిగడం పూర్తిగా ఆగాక సంప్ గాజు మీద ఆ మట్టం దగ్గర ఎర్ర టేపు అతికించాను. మళ్లీ వేసి, నీళ్లు సర్దుకున్నాక నడుస్తున్న మట్టం దగ్గర నీలం టేపు. నీళ్లు పోసేటప్పుడు నీలం దాటకూడదని ఇంట్లో అందరికీ చెప్పాం. ఇంటాయన వాళ్లమ్మగారు కళ్లజోడు సర్దుకుని క్యాబినెట్ ముందు కూర్చుని రెండు గీతలూ చూసి, "నీలం దాటితే పొంగుద్ది, అంతేగా బాబూ?" అన్నారు. అంతేనమ్మా. ఇంతకంటే బాగా నేనూ చెప్పలేను.

ఏ పంపు

పైపు మార్చాక పాత పంపుకే వాల్వ్ బిగించి 2,600 దగ్గర నడపొచ్చు. వాల్వ్ ఎప్పుడూ పంపు బయటికి తోసే వైపే బిగించాలి. పీల్చుకునే వైపు బిగిస్తే లోపల బుడగలు పుట్టి ఇంపెల్లర్ (నీళ్లని తోసే రెక్కల చక్రం) పాడవుతుంది. ఇలా నడిపితే పైసా ఖర్చు లేదు. డబ్బు ఇబ్బంది ఉన్న ఇల్లయితే నేను అక్కడే ఆపేసేవాణ్ని, సంతోషంగా ఆపేసేవాణ్ని.

ఈ ఇంట్లో మార్చమని చెప్పడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి శబ్దం. అమ్మగారి గది హాలుని ఆనుకునే ఉంది. "రాత్రి కరెంటు పోతే ఆ మోటారు ఇంకా గట్టిగా గుర్రుమంటోంది నాయనా, చేపలకేమన్నా అవుద్దేమో" అని ఆవిడ మొదటి రోజే అన్నారు. ఆవిడ చెవి సరిగ్గానే పట్టింది. వాళ్ల ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ రకం. ఏసీ పంపులో ఉండేది సింక్రనస్ మోటారు, 50 హెర్ట్జ్ కరెంటు అల ఎలా ఉంటే అలా తిరుగుతుంది. అల నున్నగా లేకపోతే వణుకుతుంది, వేడెక్కుతుంది. రెండోది వాట్లు. అది 110 వాట్ల పంపు, 24 గంటలూ నడిస్తే నెలకి 79 యూనిట్లు. ఆ వేడంతా ఎక్కడికి పోతుంది? సబ్‌మెర్సిబుల్ పంపు కాబట్టి నీళ్లలోకే. బయటికి ఏమాత్రం పోకుండా ఉంటే, సంప్‌తో కలిపి 610 లీటర్ల నీళ్లని రోజుకి మూడున్నర డిగ్రీలకి పైగా పెంచగలిగేంత వేడి అది. నిజానికి చాలా భాగం గాలిలోకి పోతుంది, కానీ హైదరాబాద్ మే నెలలో మిగిలేది కూడా చేపలకి భారమే.

వేరే ఆలోచనలు కూడా వచ్చాయి. వాళ్ల బామ్మర్ది "కూలర్ పంపు రెండు పెడితే సరిపోదా" అన్నాడు. కూలర్ పంపు తడి గడ్డి మీద నీళ్లు చల్లడానికి చేసింది. చాలావాటి సీలు, వైరు ఏడాది పొడవునా ఆగకుండా నీళ్లలో నడవడానికి చేసినవి కావు. చేతులు పెట్టే నీళ్లలో దాన్ని దించడానికి నేను ఒప్పుకోను. మేడ మీద పాత అర హెచ్‌పీ మోనోబ్లాక్ ఉందన్నారు. దాని మోటారు శక్తే 373 వాట్లు. మన పనికి నీళ్లని ఎత్తడానికి నిజంగా కావాల్సిన శక్తి 10 వాట్లే. పైగా లోపల ఇత్తడి భాగాలుంటాయి. రాగి కొంచెం కరిగినా రొయ్యలు, నత్తలు బతకవు.

చివరికి ఎంచుకున్నది 24 వోల్టుల డీసీ పంపు, కంట్రోలర్‌తో వేగం మార్చుకునేది. డబ్బా మీద అంకె 5,500. నేను చూసింది అది కాదు. గ్రాఫ్‌లో 1.35 మీటర్ల దగ్గర వేలు పెట్టి, పక్కకి జరిపితే పూర్తి వేగంలో 3,200 దాకా ఇస్తోంది. కావాల్సింది 2,600. అంటే పూర్తి వేగం కంటే కాస్త తగ్గించి నడిపితే చాలు, కాలం గడిచి స్పాంజి, పైపు, ఇంపెల్లర్ మురికి పట్టినప్పుడు పెంచుకోవడానికి కొంత చేతిలో ఉంటుంది. పంపు ఎప్పుడూ దాని శక్తిలో చివరి అంచున నడవకూడదు. అలాగని పది రెట్లు పెద్దదీ అక్కర్లేదు. దీని ధర పాత రకం ఏసీ పంపుకి రెట్టింపు పైనే.

ఇంటాయన మొదట ధర చూసి వెనక్కి తగ్గారు. పెట్టాక కంట్రోలర్‌ని 2,600 దగ్గరికి సర్ది, ప్లగ్ మీటర్‌తో చూస్తే 42 వాట్లు. నెలకి 30 యూనిట్లు. తేడా 49 యూనిట్లు. వాళ్ల ఇంటి వాడకం యూనిట్ 9 రూపాయల స్లాబ్‌లో ఉంది. నెలకి 440 రూపాయలు మిగులుతాయి, ఏడాదికి 5,000 దాటుతుంది.

బిగించేటప్పుడు చూసుకున్నవి

పంపు కింద మందపాటి స్పాంజి ముక్క వేసి, పంపుకీ గట్టి పైపుకీ మధ్య జానెడు మెత్తటి సిలికాన్ గొట్టం పెట్టాను. శబ్దంలో ఎక్కువ భాగం మోటారుది కాదు, అది వణికించే చెక్కది, గాజుది. సిలికాన్ గొట్టం పెట్టగానే క్యాబినెట్ మీద చెయ్యి వేసి చూస్తే వణుకే లేదు.

పంపు గదిని జాగ్రత్తగా చూడాలి. ఆవిరై పోయిన నీళ్లు పైన ట్యాంకులో కనిపించవు, ఓవర్‌ఫ్లో దువ్వెన అక్కడి మట్టాన్ని మారనివ్వదు. మొత్తం లోటు పంపు గదిలోనే పడుతుంది. ఆ గది 20×40 సెంటీమీటర్లు, ఒక సెంటీమీటరుకి 0.8 లీటరే. వేసవిలో ఈ ట్యాంకు మీద రోజుకి 5 లీటర్లు ఆవిరవడం మామూలే. అంటే రోజుకి 6 సెంటీమీటర్లు మట్టం దిగుతుంది. పంపు మునిగి ఉండటానికి కనీసం 8 సెంటీమీటర్లు కావాలి. మూడు రోజులు ఊరెళ్తే పంపు గాలి మింగుతూ తిరుగుతుంది. ఏసీ పంపుల్లో సిరామిక్ షాఫ్ట్ విరిగేది ఎక్కువగా ఇలాగే. కొత్త పంపుకి నీళ్లు లేకపోతే ఆగిపోయే ఏర్పాటు ఉంది, కానీ పంపు ఆగితే ఫిల్టర్ కూడా ఆగుతుంది కదా. అందుకే పక్కన 25 లీటర్ల క్యాన్ పెట్టి, ఫ్లోట్ స్విచ్‌తో ఆవిరైనంత నీళ్లు తనే పోసుకునేలా చేశాం. ఆ క్యాన్‌లో ఆర్‌ఓ నీళ్లు. బోరు నీళ్లు పోస్తే ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పులు లోపలే మిగిలి రోజురోజుకీ పెరుగుతాయి.

కరెంటు బోర్డుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టించాను, వైర్లు ప్లగ్ కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వచ్చేలా వదిలాను. వైరు వెంట జారిన నీటి చుక్క ఆ కింది వంపు దగ్గరే రాలిపోతుంది.

ఇసుక మీద రెట్ట విషయం రిటర్న్ పంపుతో తీరదు. ఓవర్‌ఫ్లో ఉన్న మూలకి ఎదురు మూలలో నీళ్లు దాదాపు కదలకుండా ఉన్నాయి. మేత పొడి చల్లి చూస్తే అక్కడే సుడి తిరిగి కూలబడుతోంది. అక్కడ లోపలే ఒక చిన్న వేవ్ మేకర్ పెట్టాం. దానికి ఎత్తు లేదు, పైపు లేదు, 10 వాట్లతోనే నీళ్లని దండిగా కదిలిస్తుంది. నీటి ప్రవాహం కోసం రిటర్న్ పంపుని పెంచడం ఖరీదైన దారి. మేత కూడా తగ్గించమన్నాను. రోజూ చికెన్ ముక్కలు వేస్తున్నారు, వాటిని మాన్పించి పెల్లెట్లకి మార్చాం. మొదటి కొన్ని రోజులు ఆస్కార్లు అలిగి పెల్లెట్లు ఉమ్మేశాయి. తర్వాత ఆకలి గెలిచింది.

తర్వాత

బకెట్ 28 సెకన్లలో నిండుతోంది, గంటకి 2,570 లీటర్లు. డ్రెయిన్ నిశ్శబ్దం. అదే వాతావరణంలో మధ్యాహ్నం నీళ్ల వేడి ముందుకంటే ఒక డిగ్రీకి కాస్త తక్కువగా దిగింది. ఆస్కార్లు పొద్దున్నే అడుగున, మొద్దు చాటున ఉంటున్నాయి. ఇన్వర్టర్ మీద నడిచినప్పుడు పంపు శబ్దం తేడా తెలియట్లేదని అమ్మగారు చెప్పారు. నాకు ఆ మాట ఏ మీటర్ కంటే ఎక్కువ.

హైదరాబాద్ బోరు నీళ్లకి ఇంపెల్లర్ మీద తెల్లటి సున్నం పడుతుంది. నీళ్లు మార్చేది బోరు నీళ్లతోనే కాబట్టి ఇక్కడా తప్పదు. బకెట్ 32 సెకన్లు దాటిన రోజు పంపు తీసి, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో అరగంట నడిపి, మంచి నీళ్లతో కడిగి పెట్టమని చెప్పాను. వేగం పెంచే బటన్ నొక్కి సర్దుకోవడం కంటే అదే మంచిది.

పాత పంపుని కూడా అలాగే కడిగి, ఆరబెట్టి, క్యాబినెట్‌లో పై అరలో ఉంచాం. డీసీ పంపు అడాప్టర్ పోతే దుకాణం తెరిచేదాకా చేపలు ఆగలేవు. కానీ దాన్ని వాల్వ్ పూర్తిగా తెరిచి వేస్తే 3,400 లీటర్లు తోసి ట్యాంకు పొంగిస్తుంది. అందుకని దాన్ని తగిలించి, 28 సెకన్లు వచ్చేదాకా బాల్ వాల్వ్ మూసి, పిడి ఎక్కడ ఆగిందో అక్కడ పైపు మీద ఎర్ర నెయిల్ పాలిష్‌తో గీత పెట్టాను. పంపు వైరుకి ఒక చీటీ కట్టి ఉంది: "వాల్వ్ ఎర్ర గీత దగ్గర పెట్టాకే స్విచ్ వేయాలి."